సిగ్నల్ దగ్గర ఆగిపోయే బండి

"బండి సిగ్నల్ దగ్గర ఆగిపోతోంది" అని ఏ షెడ్డులోనైనా చెప్పి చూడండి. మీ మాట పూర్తికాకముందే బానెట్ లేస్తుంది. ప్లగ్గులు మార్చాలంటారు ఒకరు. ఇంజెక్టర్లు క్లీనింగ్‌కి ఇద్దామంటారు ఇంకొకరు. మూడో ఆయన నేరుగా పెట్రోల్ పంపు మీద పడతాడు. అన్నీ చేయించి, వేలకు వేలు వదిలించుకుని ఇంటికొస్తుంటే అదే సిగ్నల్ దగ్గర బండి మళ్ళీ ఆగుతుంది. ఇందులో మెకానిక్కుల తప్పు సగమే. ఎప్పుడు ఆగుతోందో వాళ్ళు అడగలేదు, మనమూ చెప్పలేదు. పొద్దున్నే చల్లటి ఇంజన్‌తోనా, గంటసేపు తిరిగాకా? ఏసీ వేస్తేనా, వేయకపోయినా ఆగుతోందా? వణికి వణికి ఆగిందా, తాళం తిప్పేసినట్టు ఒక్కసారిగా పోయిందా? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగితే రోగం సగం తెలిసినట్టే. చెప్పలేకపోతే మీరు కొనే ప్రతి పార్టూ లాటరీ టికెట్టే.

ఇక్కడ చెప్పేదంతా 2000 నుంచి 2012 దాకా వచ్చిన పెట్రోల్ ఎంపీఎఫ్ఐ బండ్ల, అంటే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ ఉన్న బండ్ల, సంగతి. మారుతి 800 చివరి మోడళ్ళు, ఆల్టో, వ్యాగన్ ఆర్, శాంత్రో, పాత హోండా సిటీ, ఆ తరం కార్లు. 2000 ఏప్రిల్‌లో దేశమంతటా కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాక మన కార్లలో కార్బురేటర్ శకం ముగిసింది. వీటిలో చాలావాటికి ఇప్పటికే 15 ఏళ్ళు నిండాయి. ఆర్టీఏకి వెళ్ళి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని మరీ నడుపుకుంటున్నాం. ఇంజన్లు గట్టివే. వాటి చుట్టూ ఉన్న రబ్బరు, ప్లాస్టిక్, వైర్లే వయసు మీద పడి మొరాయిస్తున్నాయి.

ఐడ్లింగ్‌లో ఏం జరుగుతుంది

యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే థ్రాటిల్ ప్లేటు దాదాపు మూసుకుపోతుంది. ఇంజన్ ఆగకుండా తిరగాలంటే కాస్త గాలి కావాలి కదా. ఆ గాలిని ప్లేటు పక్కనుంచి ఒక సన్నటి దారిలో పంపిస్తారు. ఆ దారికి కాపలా ఐఏసీ వాల్వ్. శాంత్రో మెకానిక్కులు దీన్నే ఐఎస్‌సీ మోటర్ అంటారు. లోపలికి వెళ్ళాక మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడి ఎంతుందో మ్యాప్ సెన్సర్ చెబుతుంది. దాన్నిబట్టి ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, ఒక్కో ఇంజెక్టర్‌ని సెకనులో రెండు మూడు వేలవంతులు మాత్రం తెరుస్తుంది. కాలినదెలా ఉందో సైలెన్సర్ దారిలోని ఆక్సిజన్ సెన్సర్ వాసన చూసి మళ్ళీ ఈసీయూకి కబురు పెడుతుంది. వేడెక్కిన ఇంజన్ 800-900 ఆర్పీఎం దగ్గర నిలకడగా తిరగాలంటే ఇవన్నీ ఒకదాని మాట ఒకటి వింటూ ఉండాలి.

సైకిల్ జోరుగా తొక్కుతున్నప్పుడు చిన్న రాయి అడ్డొచ్చినా తెలియదు. నడక వేగంతో పోతుంటే అదే రాయికి పడిపోతాం. ఐడ్లింగ్ అలాంటిది. 3,000 ఆర్పీఎంలో లెక్కలోకి రాని గాలి లీకేజీ, అరిగిన ప్లగ్గు, నీరసించిన బ్యాటరీ ఇక్కడ బండినే ఆపేస్తాయి. "హైవే మీద బ్రహ్మాండంగా పోతుంది సార్, ఊళ్ళోనే ఈ గొడవ" అనేది అందుకే.

ఇంకో విషయం. ఈసీయూ తప్పుల్ని కప్పిపుచ్చుతుంది. గాలి తగ్గితే వాల్వ్ ఇంకాస్త తెరుస్తుంది, మిశ్రమం పలచబడితే పెట్రోల్ ఇంకాస్త పోస్తుంది. అలా నెలల తరబడి సర్దుకుంటూ వచ్చి, వానాకాలం సాయంత్రం ఏసీ, హెడ్‌లైట్లు, వైపర్లు అన్నీ ఒకేసారి పనిచేస్తున్న రోజున దాని చేతిలో సర్దడానికి ఏమీ మిగలదు. బండి ఆగినది ఆరోజే గానీ రోగం ఆరోజుది కాదు. పైగా పాత బండిలో కారణం ఒక్కటే ఉండాలనీ లేదు. సగం మూసుకున్న థ్రాటిల్, సగం చచ్చిన బ్యాటరీ, సగం అరిగిన ప్లగ్గులు కలిస్తే ఒక పూర్తి జబ్బు.

గ్లవ్ బాక్సులో ఒక చిన్న నోటుబుక్కు

ఓ వారం పాటు ఏ పార్టూ మార్చకండి. బండి ఆగినప్పుడల్లా, ఆగబోయి నిలిచినప్పుడల్లా ఒక్క ముక్క రాయండి: ఇంజన్ వేడి, ఏసీ ఉందో లేదో, కాళ్ళు ఏ పెడల్ మీద ఉన్నాయో, పెట్రోల్ ఎప్పుడు పోయించారో, వానో ఎండో, మళ్ళీ ఎంతసేపటికి స్టార్టయిందో. ఫోన్‌లో రాసుకున్నా సరే, కానీ ఆ క్షణంలోనే రాయాలి. సాయంత్రం గుర్తుచేసుకుని రాస్తే అనుమానాలు కలుస్తాయి.

మా బాబాయి కారు కథ ఇలాగే తేలింది. సిగ్నల్ దగ్గర ఆగిపోతోందని ప్లగ్గులు, ఫిల్టర్లు మార్పించారు, థ్రాటిల్ బాడీ రెండుసార్లు కడిగించారు. నోటుబుక్కు పెట్టమంటే మొదట నవ్వారు. నాలుగు ఎంట్రీలు పడేసరికి విషయం బయటపడింది. బండి సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఆగట్లేదు. పచ్చలైటు పడి బ్రేకు మీద కాలు తీసిన మరుక్షణం ఆగుతోంది. నిలబడి ఉన్నంతసేపూ ఇంజన్ కాస్త ఎక్కువ రేస్‌లోనే ఉంటోంది. ఇంటి ముందు హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, బ్రేకు పెడల్ నొక్కి పట్టుకుంటే డాష్‌బోర్డు కిందనుంచి "స్స్స్" మని సన్నటి చప్పుడు. బ్రేక్ బూస్టర్ లోపలి డయాఫ్రమ్ చిరిగింది. పెడల్ నొక్కినప్పుడల్లా బూస్టర్ గుండా బయటి గాలి మ్యానిఫోల్డ్‌లోకి దూరుతోంది. రేస్ పెరగడం చూసి ఈసీయూ తన గాలి దారి మూసేస్తోంది. కాలు తీయగానే ఆ దొంగగాలి ఆగిపోతుంది, మూసిన వాల్వ్ తెరుచుకునేలోపు ఇంజన్ ఊపిరాడక ఆగిపోతుంది. బండి నిలిపి ఉంచి, బూస్టర్‌కి వెళ్ళే హోసుని ప్లయర్‌తో ఒక్క నిమిషం నొక్కి పట్టుకుంటే ఐడ్లింగ్ కుదురుకుంది. అనుమానం తీరిపోయింది. (హోసు నొక్కి ఉంచి రోడ్డెక్కకండి. బ్రేకు రాయిలా బిగుసుకుపోతుంది.) "సిగ్నల్ దగ్గర" అన్న మాట వెనక బ్రేకు దాక్కుంది. సిగ్నల్ దగ్గర కాక ఇంకెక్కడ అంతసేపు బ్రేకు నొక్కి పట్టుకుంటాం?

ఏ వేళకు ఏ అనుమానం

పొద్దున స్టార్టయి, ఒకటి రెండు నిమిషాలు తడబడి, వేడెక్కాక మామూలైపోతే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ని చూడండి. కార్బురేటర్ బండికి చోక్ లాగేవాళ్ళం. ఇక్కడ ఇంజన్ చల్లగా ఉందని ఈ సెన్సర్ చెబితేనే ఈసీయూ పెట్రోల్ ఎక్కువ పోసి, రేస్ పెంచుతుంది. సెన్సర్ అబద్ధం చెబితే చల్లటి ఇంజన్‌కి వేడి ఇంజన్ కొలతే అందుతుంది. దీనికి తలకిందుల రోగమూ ఉంది. ఇంజన్ కాగిపోతున్నా "చల్లగానే ఉంది" అని చెబుతూ ఉంటే పెట్రోల్ దండిగా పడి నల్లపొగ, ఘాటు వాసన, వేడి మీద తడబాటు. రెండు వందల రూపాయల మల్టీమీటర్ చాలు. ఈ సెన్సర్ చాలా బండ్లలో చల్లగా ఉన్నప్పుడు, అంటే మన ఊరి పొద్దుటి వేడిమిలో, రెండు కిలో ఓమ్‌ల దరిదాపుల్లో, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్‌ల దరిదాపుల్లో చూపిస్తుంది. వేడితోపాటు అంకె సాఫీగా దిగాలి. ఎక్కడైనా దూకినా, అసలు కదలకపోయినా సెన్సర్ పోయినట్టే.

ఏసీ వేయగానే ఆగితే, లేదా మూడో గేరులో వస్తూ క్లచ్ తొక్కగానే ఆగితే, థ్రాటిల్ బాడీ, ఐఏసీ వాల్వ్. ఇది అన్నిటికంటే ఎక్కువగా కనిపించే రోగం, చవగ్గా తగ్గేదీ ఇదే. ఇంజన్ లోపలి ఆయిల్ ఆవిరి ఒక గొట్టం ద్వారా ఈ దారిలోకే వస్తుంది. ఏళ్ళ తరబడి పేరుకుని ప్లేటు అంచున, వాల్వ్ మొనలో నల్లటి జిగురు కడుతుంది. ఏసీ కంప్రెసర్ పట్టుకోగానే ఇంజన్ మీద బరువు పడుతుంది, ఈసీయూ గాలి పెంచమంటుంది, జిగురు పట్టిన వాల్వ్ కదలదు. క్లచ్ తొక్కినప్పుడూ ఇదే జరుగుతుంది. కాలు తీసి వస్తున్నంతసేపు ఈసీయూ పెట్రోల్ పూర్తిగా ఆపేస్తుంది. ఆర్పీఎం 1,500 కిందికి వస్తుండగా మళ్ళీ మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడు ఐఏసీ గాలి అందించి పడిపోతున్న ఇంజన్‌ని పట్టుకోవాలి. పట్టుకోకపోతే 600, 400, ఆఫ్.

హాయిగా పోతూ పోతూ, ఏ తడబాటూ లేకుండా, తాళం తిప్పేసినట్టు ఆగిపోయి, అరగంట చల్లారాక ఏమీ జరగనట్టు స్టార్టయితే అది గాలీ పెట్రోలూ కాదు, కరెంటు. ముందు అనుమానించాల్సింది క్రాంక్ సెన్సర్ని, తర్వాత ఇగ్నిషన్ కాయిల్‌ని, పెట్రోల్ పంపు రిలేని. వేడికి లోపలి సన్నటి తీగ విడిపోతుంది, చల్లారితే అతుక్కుంటుంది. షెడ్డుకి చేరేసరికి బండి బాగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ దొరకదు. దొరకబుచ్చుకోవాలంటే ఆగిన చోటే మూడు పనులు చేయాలి. తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టండి, ట్యాంకులోంచి పంపు ఓ రెండు సెకన్లు "జ్జ్" అనాలి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు, మీ బండిలో ఆర్పీఎం మీటర్ ఉంటే, ముల్లు కాస్తయినా లేస్తోందా చూడండి. అసలు కదలకపోతే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం గట్టిపడుతుంది. చెక్ ఇంజన్ లైటు ఏమంటోందో కూడా గమనించండి. ఈ మూడూ నోటుబుక్కులోకి ఎక్కితే మెకానిక్‌కి రెండు రోజుల పని తగ్గుతుంది.

ఇలా ఆగే బండి విషయంలో ఒక జాగ్రత్త. నడుస్తుండగా ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది గానీ తిరుగుతుంది. బ్రేకు బూస్టర్లో మిగిలిన వాక్యూమ్‌తో ఒకటి రెండు నొక్కులు మెత్తగా పడతాయి, తర్వాత పెడల్ బిగుస్తుంది. కాబట్టి మాటిమాటికీ నొక్కి వదలకుండా ఒకే నొక్కుతో పక్కకు తీయండి. బండి కదులుతుండగా తాళం పూర్తిగా వెనక్కి తిప్పి బయటికి తీయకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది.

ట్యాంకు నింపించుకున్న వెంటనే స్టార్టింగ్ ఇబ్బంది, కాసేపు వణుకు, తర్వాత మామూలు అయితే పర్జ్ వాల్వ్. ట్యాంకులోని పెట్రోల్ ఆవిరిని బొగ్గు డబ్బాలో దాచి, ఇంజన్ నడుస్తున్నప్పుడు కొంచెం కొంచెంగా లాగిస్తుందది. తెరుచుకుపోయి ఉంటే ఆవిరంతా ఒక్కసారి వచ్చి ఇంజన్‌ని ముంచుతుంది. బంకులో నాజిల్ దానంతటదే కట్ అయ్యాక "రౌండ్ ఫిగర్ చేసేయ్ బాబూ" అనే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఆ చివరి అరలీటరు ఆవిరి గొట్టం గుండా బొగ్గు డబ్బాలోకి వెళ్ళి దాన్ని పాడు చేస్తుంది.

వానాకాలంలోనే మిస్ కొడితే, అంటే ఏదో ఒక సిలిండర్ మధ్యమధ్య మండకపోతే, ప్లగ్ వైర్లు. రాత్రి చీకట్లో ఇంజన్ ఆన్ చేసి, బట్టలిస్త్రీకి వాడే స్ప్రే సీసాతో వైర్ల మీద పొగమంచులా నీళ్ళు చల్లండి. చేతులు పెట్టకుండా దూరంనుంచి చూడండి. పగిలిన వైరు మీద నీలిరంగు నిప్పుదారం టప్‌టప్‌మని ఇంజన్ బాడీకి దూకుతూ కనిపిస్తుంది. ఇంతకంటే స్పష్టంగా ఏ స్కానరూ చూపించదు. ప్లగ్గు గుంతల్లో ఆయిల్ నిండి ఉన్నా ఇదే వరస. వాల్వ్ కవర్ సీళ్ళు మార్చకుండా ప్లగ్గులు మార్చడం దండగ.

వణుకు వేరు, మిస్సింగ్ వేరు

మారుతి 800, చాలా ఆల్టోలవి మూడు సిలిండర్ల ఇంజన్లు. 850 ఆర్పీఎంలో సెకనుకి ఇరవయ్యొక్క సార్లు మాత్రమే మండుతాయి. నాలుగు సిలిండర్లయితే ఇరవయ్యెనిమిది. కాబట్టి కొత్తప్పుడు కూడా కొంచెం ఊగేవి. శాంత్రో అమ్మి ఆల్టో కొన్నవాళ్ళు మొదటి నెలంతా ఇంజన్ పాడైందనే అనుకుంటారు. ఆ సహజమైన ఊపుకి పగిలిన ఇంజన్ మౌంటింగ్ తోడైతే గేర్ లివర్, స్టీరింగ్, అద్దం అన్నీ దడదడలాడతాయి. కానీ ఇంజన్‌లో ఏ దోషమూ ఉండదు.

తేడా కనిపెట్టడానికి ఒక తెల్లకాగితం చాలు. వేడెక్కిన ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా సైలెన్సర్ మూతికి జానెడు దూరంలో పట్టుకోండి. బండి ఆరుబయట ఉండాలి, మూసిన గ్యారేజీలో ఈ పని ప్రాణం మీదికి తెస్తుంది. కాగితం ఒకే లయలో బయటికి రెపరెపలాడితే ఇంజన్ అన్ని సిలిండర్ల మీదా నడుస్తోంది, మౌంటింగ్‌లు చూడండి. లయ మధ్యమధ్య తప్పితే మిస్సింగ్. అప్పుడప్పుడు కాగితం మూతివైపు లోపలికి పీల్చుకున్నట్టయితే కాలిన ఎగ్జాస్ట్ వాల్వ్ మీద అనుమానం పడాలి.

మిస్సయ్యే సిలిండర్ ఏదో తేల్చడానికి పాతతరం మెకానిక్కులు ప్లగ్ వైరు ఒక్కోటీ పీకి చూస్తారు. ఎంపీఎఫ్ఐ బండికి ఆ పద్ధతి వద్దు. దారి దొరకని కరెంటు కాయిల్‌ని కాలుస్తుంది, మండని పెట్రోల్ క్యాటలిటిక్ కన్వర్టర్లోకి వెళ్ళి దాన్ని తినేస్తుంది, షాక్ సంగతి సరేసరి. దానికి బదులు ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కోటీ తీసి పెట్టమనండి. తీయగానే ఇంజన్ తడబడితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. తీసినా తేడా లేదంటే దొంగ దొరికినట్టే. ఆ సిలిండర్ ప్లగ్గుని పక్క సిలిండర్‌కి మార్చండి. మిస్సింగ్ ప్లగ్గుతో పాటు వెళ్ళిందా, ప్లగ్గు తప్పు. అక్కడే ఉందా, వైరు మార్చి చూడండి, తర్వాత ఇంజెక్టర్. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. కొత్త పార్టు కొనే ముందు ఉన్న పార్టుని అటూ ఇటూ మార్చి చూసే మెకానిక్ దొరికితే వదులుకోకండి.

గాలి లీకేజీ, అమెరికా వీడియోలు

ఈ విషయంలో మనల్ని తప్పుదారి పట్టించేవి ఇంగ్లీషు వీడియోలు. "మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ క్లీన్ చేయండి, వాక్యూమ్ లీక్ వల్ల మిశ్రమం పలచబడుతుంది" అని చెబుతాయి. అక్కడి బండ్లలో చాలావాటికి అది నిజం. మన చిన్న మారుతులు, శాంత్రో, పాత సిటీల్లో ఆ సెన్సరే ఉండదు, మ్యాప్ సెన్సర్ ఉంటుంది. లోపలికొచ్చిన గాలి ఏ దారిన వచ్చిందో దానికి పట్టదు, ఒత్తిడి ఎంతుందో అదే కొలుస్తుంది. కాబట్టి హోసు పగిలి దొంగగాలి దూరితే దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా పెరుగుతుంది, రేస్ పెరుగుతుంది, ఈసీయూ తగ్గించబోతుంది, మళ్ళీ పెరుగుతుంది. "హూం... హూం..." అంటూ ఇంజన్ ఊగిసలాడుతుంది. వణికి ఆగిపోయే బండికంటే ఇలా ఊగిసలాడే బండిలో గాలి లీకు కోసం వెతకడం తెలివైన పని.

వెతకడానికి మంటలు పుట్టించే స్ప్రేలు వేడి ఇంజన్ మీద కొట్టొద్దు. అడుగున్నర రబ్బరు గొట్టం ముక్క తీసుకుని ఒక కొన చెవి దగ్గర, ఇంకో కొన హోసుల వెంట నడిపించండి. ఫ్యాన్‌కి, బెల్టుకి దూరంగా. లీకు దగ్గరికి రాగానే చెవిలో ఈల వినిపిస్తుంది. మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్, ఇంజెక్టర్ల కింది రబ్బరు రింగులు, ఆయిల్ ఆవిరి తెచ్చే పీసీవీ హోసు మోచేతి వంపు. మన ఎండలకు ముందు పగిలేవి ఇవే.

ఆ స్క్రూ జోలికి వెళ్ళొద్దు

థ్రాటిల్ బాడీ పక్కన, ప్లేటు పూర్తిగా మూసుకోకుండా ఆపే చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. ఫ్యాక్టరీలో సెట్ చేసి, చాలా బండ్లలో మీద రంగు చుక్క పెడతారు. కార్బురేటర్ కాలంలో ఐడ్లింగ్ పెంచాలంటే స్క్రూ తిప్పేవాళ్ళు. ఆ చేయి అలవాటు ఇంకా పోలేదు. రెండు చుట్లు తిప్పితే బండి ఆ పూట ఆగదు, నిజమే. కానీ ప్లేటు తెరుచుకుని ఉండటంతో థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ కాలు పెడల్ మీదే ఉందని చెబుతుంది. ఈసీయూ అసలు ఐడ్లింగ్‌లోకే రాదు, ఐఏసీని సరిగ్గా నడపదు, పెట్రోల్ కట్ చేయదు, మైలేజీ పడిపోతుంది. అసలు రోగం అలాగే ఉంటుంది, దాని మీద ఇంకోటి చేరుతుంది. పాత బండి కొంటుంటే ఆ రంగు చుక్క చెదిరిందేమో చూడండి. గత యజమాని ఐడ్లింగ్‌తో ఎంత వేగాడో అది చెబుతుంది.

కడిగించడం మాత్రం మంచిదే. థ్రాటిల్ బాడీ క్లీనర్ని గుడ్డ మీద కొట్టి, ప్లేటు అంచులు, వెనక భాగం, గాలి దారి తుడవాలి. స్క్రూడ్రైవర్‌తో గీకకూడదు, ఐఏసీ మోటర్ని క్లీనర్లో నానబెట్టకూడదు. కడిగాక ఓ రోజు రెండు రోజులు ఐడ్లింగ్ ఎక్కువగా ఉండొచ్చు. జిగురుకి అలవాటుపడిన ఈసీయూ కొత్త కొలత నేర్చుకోవాలి. బ్యాటరీ తీసి పెట్టినా ఇదే తంతు. కంగారుపడి ఆ స్క్రూ తిప్పించుకునేది సరిగ్గా ఈ రెండు రోజుల్లోనే.

కరెంటు, పెట్రోల్

కరెంటు గురించి రెండే అంకెలు. రాత్రంతా ఆపి ఉంచిన బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ తీగ విప్పి, తుప్పు గీకి, బిగించడం పావుగంట పని. అంతుచిక్కని తడబాట్లు దీనితో పోయిన బండ్లు చాలా ఉన్నాయి. వేల రూపాయల సెన్సర్ కొనే ముందు ఈ పావుగంట ఖర్చుపెట్టండి.

పెట్రోల్ సంగతి కాస్త పెద్దది. రైలులో ఒత్తిడి చాలా బండ్లలో 3 బార్ దరిదాపుల్లో ఉండాలి. గేజ్ పెట్టి చూడకుండా పంపు మార్చమనేవాళ్ళని నమ్మొద్దు. గేజ్ పని మాత్రం షెడ్డుకే వదిలేయండి, ఒత్తిడిలో ఉన్న పెట్రోల్ గొట్టం ఇంట్లో విప్పేది కాదు. ఇక ఇథనాల్. శుద్ధ పెట్రోల్ పూర్తిగా మండటానికి బరువులో 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 రెట్లు చాలు. 20 శాతం కలిపిన ఈ20కి లెక్క 13.5 దగ్గర తేలుతుంది. అంటే పాత కొలత ప్రకారం పోస్తే మిశ్రమం కొంచెం పలచన. ఆక్సిజన్ సెన్సర్ వేడెక్కి పని మొదలుపెట్టాక ఈసీయూ సర్దుకుంటుంది. సెన్సర్ ఇంకా వేడెక్కని పొద్దుటి నిమిషాల్లో, సెన్సరే ముసలిదైన బండ్లలో ఎప్పుడూ, సర్దుబాటు కుదరదు. ఈ20 వల్లే బండి పాడైందని ప్రతి తడబాటునీ దానిమీద నెట్టడం తేలిక. అప్పటికే అంచున ఉన్న బండిని అది బయటపెడుతుందనడం నాకు న్యాయంగా తోస్తుంది. నిజమైన ఇబ్బంది వేరే ఉంది. ఇథనాల్ తేమని పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండిలో, వానాకాలం నీళ్ళు కలిసిన ట్యాంకులో, ఆ నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి. పంపు పీల్చేది అడుగునుంచే. ఎల్పీజీ కిట్ పెట్టించుకుని పెట్రోల్ వాడటమే మానేసిన బండ్లకీ ఇదే గతి. ట్యాంకులో ఏడాది నాటి పెట్రోల్, మూతులు పూడుకుపోయిన ఇంజెక్టర్లు. వారానికి ఒకసారైనా కొన్ని కిలోమీటర్లు పెట్రోల్ మీద తిప్పండి.

ఎండలో హైవే మీద ఆగి, భోంచేసి వచ్చాక సెల్ఫ్ కొడుతూనే ఉండి, ముక్కుకి పెట్రోల్ వాసన కొడితే ఇంజన్ మునిగింది. చాలా ఎంపీఎఫ్ఐ ఇంజన్లలో యాక్సిలరేటర్ అడుగంటా తొక్కిపట్టి సెల్ఫ్ కొడితే ఈసీయూ పెట్రోల్ ఆపేసి గాలి మాత్రమే పంపుతుంది. అంటుకోగానే కాలు తీసేయాలి.

స్కానర్, పొల్యూషన్ చీటీ

2010 ఏప్రిల్‌లో హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్-4తో పాటు ఓబీడీ (బండే తన తప్పుల్ని కనిపెట్టి కోడ్‌గా చెప్పే ఏర్పాటు) మొదటి దశ వచ్చింది, 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ. మీ బండి అంతకుముందుదైతే ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ స్కానర్ చాలావరకు పలకదు, ఆ కంపెనీ భాష తెలిసిన స్కానర్ కావాలి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల అలాంటివాళ్ళు దొరుకుతారు. వెళ్ళినప్పుడు కోడ్ ఒక్కటే చదివించుకుని రావద్దు. ఇంజన్ నడుస్తుండగా లైవ్ డేటా చూపించమనండి. వేడెక్కిన ఇంజన్ ఐడ్లింగ్‌లో మ్యాప్ 30-40 కిలోపాస్కల్స్ దగ్గర, కూలెంట్ 85-95 డిగ్రీల మధ్య ఉంటే మంచిది. మ్యాప్ 50 దాటి ఉంటే గాలి లీకో, టైమింగో, వాల్వులో. ఆక్సిజన్ సెన్సర్ కోడ్ వచ్చిందంటే సెన్సర్ పోయిందని కాదు. పెట్రోల్ ఎక్కువైందనో తక్కువైందనో అది నిజమే చెబుతూ ఉండొచ్చు.

స్కానర్ దొరక్కపోతే పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది. ఐడ్లింగ్‌లో కొలిచిన అంకెలే దాని మీద ఉంటాయి, మనం ఆ చీటీని పోలీసులకు చూపించడానికే వాడతాం. బీఎస్-2, బీఎస్-3 పెట్రోల్ కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్ 750 పీపీఎం మించకూడదు. బీఎస్-4కి 0.3 శాతం, 200. మోనాక్సైడ్ ఎక్కువుంటే పెట్రోల్ దండిగా పడుతోంది: కూలెంట్ సెన్సర్, కారే ఇంజెక్టర్. మోనాక్సైడ్ బాగానే ఉండి హైడ్రోకార్బన్ చుక్కలంటితే పెట్రోల్ మండకుండానే బయటికి పోతోంది: ప్లగ్గు, వైరు, కాయిల్, వాల్వ్. ఒకే షరతు, పైపు నిజంగా సైలెన్సర్లో పెట్టి తీసిన చీటీ అయ్యుండాలి. డబ్బు ఇవ్వగానే ప్రింటు వచ్చే చోట కాదు.

ఇవన్నీ అయ్యాక కూడా ఒక సిలిండర్ మొండికేస్తే అప్పుడు కంప్రెషన్ చూపించండి, అంతకుముందు కాదు. ముందు చల్లటి ఇంజన్ మీద ట్యాపెట్ గ్యాప్ సరిచేయించాలి. గ్యాస్ మీద తిరిగిన బండ్లలో వాల్వ్ సీటు అరిగి గ్యాప్ బిగుసుకుపోవడం మామూలే, అది సరిచేస్తేనే కొన్ని బండ్లు దారికొస్తాయి. తర్వాత ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్‌కి గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టించండి. సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకి ఒక కేజీ లోపే ఉండాలి. తక్కువ చూపించిన సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవమనండి. అంకె పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. వాల్వులైతే హెడ్ ఒక్కటే విప్పితే సరిపోతుంది. రింగులు అన్నారంటే ఇంజన్ మొత్తం కిందికి దిగాలి, ఆ ఎస్టిమేటునీ ఆ బండికి ఇవాళ మార్కెట్‌లో పలికే రేటునీ పక్కపక్కన రాసుకుని చూశాకే సరే అనండి.